సారుకు చెప్పని వాసన

సారు చనిపోయిన సంగతి నాకు నెల రోజుల తర్వాత తెలిసింది. ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన కోరుట్ల నుంచి కారులో సిరిసిల్లకు వచ్చి, నేను పనిచేసే రంగుల షెడ్డు ముందు నిలబడి నా గురించి అడిగాడట. నేను తడి చేతులతోనే బయటికి వచ్చాను. మోచేతుల దాకా నీలం రంగు ఉంది. ఆయన చెయ్యి ఇవ్వబోయి వెనక్కి తీసుకున్నాడు, మళ్లీ ఏమనుకున్నాడో ముందుకు చాపాడు. "మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. ఆ మాటతోనే నాకు అర్థమైంది.

సారు జ్ఞాపకంగా పాత విద్యార్థులంతా కలిసి ఒక పుస్తకం వేస్తున్నారట. ఎరువుల ఫ్యాక్టరీల్లో, మందుల ఫ్యాక్టరీల్లో పెద్ద పనుల్లో ఉన్నవాళ్లు రాస్తున్నారట. "రిటైర్ అయినంక సారుతోని పనిచేసింది మీరే. రెండు పేజీలు రాయండి" అన్నాడు. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో నేర్చుకున్నది తెలుగు. రంగు డబ్బాల మీద పేర్లు రాయడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులు ఉంటే మీరే దిద్దుకోండి. సారు ఎక్కడ చదివారు, ఎన్ని ఉద్యోగాలు చేశారు అనేది మిగతావాళ్లు రాస్తారు. నాకు తెలిసింది మా షెడ్డు వెనుక మురికి నీళ్లు పారే మోరీ పక్కన గొంతుక్కూర్చున్న మనిషి.

మొదటిసారి చూసింది కూడా అలాగే. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసి దీక్షలు చేస్తున్న రోజులు అవి. అప్పుడు నాకు సొంత షెడ్డు ఉండేది. సొంతం అంటే నాలుగు తొట్లు, ఒక బట్టీ, పైన రేకులు. పనికి నర్సయ్య, ఇంకో ఇద్దరు. లంగాల గుడ్డకు రంగు వేసేవాళ్లం. ఒక మధ్యాహ్నం నర్సయ్య ఉరికి వచ్చాడు.

"సేటూ, ఎవరో ముసలాయన మన మోరీ నీళ్లు సీసాల వట్టుకుంటుండు. ఆఫీసాయన గావచ్చు."

మాకు భయం ఎందుకంటే అప్పటికే పొల్యూషన్ ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చి ఉంది. మా షెడ్డు నీళ్లు భూమిలోకి దిగి పక్కవాళ్ల బావి ఎర్రబడింది. వాళ్లు దరఖాస్తు పెట్టారు. వాళ్ల తప్పేం లేదు, ఆ నీళ్లు నేనైనా తాగను. ఆరు నెలల్లో నీళ్లు బాగుచేసి వదిలే ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే షెడ్డుకు తాళం వేస్తామని నోటీసులో ఉంది.

వెనక్కి వెళ్లి చూస్తే, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, దగ్గు మందు సీసాలో ఎర్ర నీళ్లు నింపుకుంటూ ఒక పెద్దమనిషి. తల ఎత్తకుండానే నాతో అన్నారు.

"జర ఇటు రా భాయ్. వాసన జూసి చెప్పు. ఎట్లున్నది?"

"మోరీ మోరీ లెక్కనే వాసనొస్తది సార్. మీకు తెల్వదా?"

"తెల్వదు. నా ముక్కు పోయి ఇరువై ఏండ్లయితుంది. ల్యాబుల గ్యాసులు పీల్చి పీల్చి పోగొట్టుకున్న. మురిగిన కోడిగుడ్డు లెక్కనున్నదా, వాన వడ్డప్పుడు మట్టి లెక్కనున్నదా, గది చెప్పు."

నర్సయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "మట్టి వాసన గావాలంటే చెల్కలకు వోవాలె గని సారూ, మోరీకాడికి అచ్చిండ్రేంది!"

సారు కూడా నవ్వారు. కోపం రాలేదు. నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి "కోడిగుడ్డు సార్" అన్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. అంత చదువుకున్న మనిషి నా ముక్కు చెప్పింది రాసుకోవడం నాకు కొత్తగా అనిపించింది. ఆ రోజు నుంచి సారుకు ముక్కు నేనే.

సారు కోరుట్లలో ఒక్కరే ఉండేవారు. హైదరాబాదులో ముప్పై నాలుగేళ్లు కెమికల్ ఇంజనీరింగ్ చెప్పి, రిటైరై సొంత ఊరికి వచ్చారు. సిరిసిల్ల మోరీల్లో రంగు నీళ్లు పారుతున్నాయని ఎవరో అంటే విని చూడటానికి వచ్చారట. అమ్మ చనిపోయింది, అంటే సారు భార్య. పిల్లలు కాలేదు. వారానికి రెండుసార్లు బస్సు ఎక్కి మా దగ్గరికి వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, సుద్దముక్కలు ఉండేవి. ఏదైనా చెప్పాలంటే ముందు గోడ వెతుక్కునేవారు. మా షెడ్డు గోడ ఎండిన చోటల్లా సారు రాతలే. తుడవాలంటే అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి ప్యాంటుకు రాసుకునేవారు.

గోడకు తిరిగితే ఇక మనుషులు ఉన్నారో లేరో చూసేవారు కాదు. ఒకసారి నాకు ఏదో చెప్తూ ఉన్నారు. ఇంతలో బట్టీ మీద గుడ్డ ఉడికిపోతుందని నర్సయ్య పిలిస్తే వెళ్లాను. గుడ్డ తీసి, పిండి, ఆరవేసి వచ్చేసరికి సారు ఇంకా గోడకు చెప్తూనే ఉన్నారు. నేను మెల్లగా వెనక నిలబడ్డాను. చివరికి "సమజైందా?" అంటూ తిరిగారు. "అయింది సార్" అన్నాను. నర్సయ్య తొట్టి చాటున నవ్వుతున్నాడు.

అది ఎందుకో తర్వాత ఒక రోజు ఆయనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్లాసులో మన తెలంగాణ యాసలో ఒక మాట అంటే పిల్లలు నవ్వారట.

"'గిట్ల వోస్తే గట్ల అయితది' అన్న. ఇగ క్లాసంత ఒకటే నవ్వుడు. ఒకడు బల్ల గూడ గొట్టిండు. మర్నాటి సంది బోర్డు దిక్కు తిరిగి ఇంగ్లీషుల చెప్పుడు మొదలువెట్టిన. ముప్పై నాలుగేండ్లు మళ్లి చూడలే భాయ్. ఎవడు నిద్రవోయిండో, ఎవడు లేచివోయిండో నాకు తెల్వది."

ఇది చెప్పి నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆయన సబ్జెక్టు ఏమిటని అడిగితే ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. "ఏం వోయింది, ఏం అచ్చింది, లోపల ఏం మిగిలింది. గీ మూడు తెలిస్తే చాలు. నేను చెప్పిన చదువంత గదే." నీళ్లకైనా, బస్సుకైనా ఆయనకు అదే లెక్క. ఒక రోజు సిరిసిల్ల బస్టాండులో దిగి కదలకుండా నిలబడ్డారు. నేను బండి తీసుకుని వెళ్లాను, ఎక్కరు.

"ఒకడు తక్కువున్నడు" అన్నారు.

"ఎవరు సార్?"

"నాకేం ఎరుక ఎవరో! కోరుట్ల కాడికెల్లి ఎక్కినోళ్లను, దిగినోళ్లను జూసుకుంట అచ్చిన. ఒకడు దిగాలె ఇంక."

కండక్టరు విసుక్కున్నాడు. "బండి ఖాళీ అయింది పెద్దాయనా, పోరాదు." సారు వినలేదు. లోపలికి ఎక్కి చూస్తే, వెనక సీట్ల కింద తువ్వాల పరుచుకుని ఒకాయన గుర్రు పెడుతున్నాడు. ఆయన వేములవాడలో దిగవలసినవాడు. లేపితే సారును తిట్టాడు. సారు మాత్రం పరీక్ష పాసైనట్టు సంతోషంగా బండి ఎక్కారు.

మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేవారు. ఏది పెట్టినా ముఖం ఒకేలా ఉండేది. ఉప్పు, కారం తప్ప ఏ రుచీ తెలియదు. "ఇది ఏం కూర బిడ్డా?" అని మా ఇంటామెను అడిగి, పేరు విన్నాక తల ఊపి తినేవారు. ఒక వేసవి రోజు గిన్నె మారి పాత పప్పు వడ్డించింది. సారు సగం తినేశారు. మా ఇంటామె వచ్చి చూసి పళ్లెం గుంజుకుంది.

"హాయ్ అల్లా! తినకుండ్రి సాబ్, పులిసి కంపు గొడ్తుంది!"

"అవునా? మంచిగనే ఉన్నదనుకున్న" అన్నారు సారు. తర్వాత చేతులు కడుక్కుంటూ చెప్పారు. "పాలు మాడుతున్నయంటే మా ఆమె చెప్పేది. ఇప్పుడు పొగ కండ్లకు కొట్టినంక ఎరుకైతుంది." మా ఇంటామె ఆ రోజు నుంచి పళ్లెం పెట్టే ముందు సారు ఎదురుగానే వాసన చూసి, "బాగున్నది, తినుండ్రి" అని చెప్పి పెట్టేది.

నోటీసు సంగతి నేను చెప్పిన రోజు సారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. తర్వాత సుద్దముక్క తీయకుండా, నా వైపు చూసే అన్నారు.

"నా దగ్గర చదివిన పోరగాండ్లు ఎంతెంత పెద్ద ఫ్యాక్టరీలు నడుపుతున్నరు. నేను మాత్రం ఇప్పటిదాక ఒక్క బక్కెట్ నీళ్లు బాగుచెయ్యలే. అన్నీ బోర్డు మీదనే కట్టిన, బోర్డు మీదనే తుడిచిన. నీ షెడ్డెన్క జాగ ఎంతున్నది భాయ్?"

"రెండు మంచాలు వట్టేంత ఉంటది సార్."

"గంతల్నే కడదాం. సచ్చేలోపట ఒక్కటి కట్టి, నడిచేది కండ్లార చూడాలె."

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదే పని. నాకు షెడ్డు నిలవాలి. ఆయనకు జన్మలో ఒక్కటి నిలబడాలి. మేస్త్రీని పెట్టి మూడు తొట్లు కట్టించాం. మొదటి దాంట్లో రంగు నీళ్లు పోసి సున్నం కలిపితే గసి కిందికి దిగుతుంది. మూడో దాంట్లో ఇసుక, బొగ్గు. నడుమ ఉన్న రెండోదే సారు ప్రాణం. అందులో ఆవు పేడ నీళ్లు, చెరువు మట్టి, కొంచెం బెల్లం వేయించారు. అడుగున సన్న బెజ్జాల పైపు పరిచి చిన్న మోటారుతో గాలి ఊదించేవారు. చేపల తొట్టిలో లేచినట్టు బుడగలు లేచేవి. కొన్నాళ్లకు నీళ్లు బురద రంగుకు తిరిగి, పైన గోధుమ రంగు నురగ కట్టింది. నేను, నర్సయ్య దాని వంక చూడకుండా పక్కనుంచి పోయేవాళ్లం. సారు మాత్రం ఆ నురగ చూసి మురిసిపోయేవారు.

"భాయ్, ముక్కు!"

నేను వంగి చూసేవాణ్ణి. మొదటి రోజుల్లో కంపు. "కోడిగుడ్డు సార్." ఆయన గాలి పెంచేవారు, బెల్లం తగ్గించేవారు. మళ్లీ మూడు రోజులకు వచ్చి అడిగేవారు. నలభై రోజులు దాటాక ఒక పొద్దున నేను వంగి చూస్తే నిజంగా తడి మట్టి వాసన వచ్చింది. ఫోన్ చేసి చెప్పాను.   "ఇంకోపాలి చూసి చెప్పు" అన్నారు. మళ్లీ వెళ్లి చూసి చెప్పాను. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగారు. మూడో తొట్టి నుంచి వచ్చే నీళ్లు పలచని చాయ్ రంగులో ఉన్నాయి. నర్సయ్య వాటితో కాళ్లు కడుక్కున్నాడు. సారు ఆ కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డారు.

ఆ సంతోషంలోనే కావచ్చు, జగిత్యాల మీటింగుకు ఒప్పుకున్నారు. ఉద్యమం వాళ్లు 'ప్రొఫెసర్ సారు మాట్లాడాలె' అని చాలా రోజులుగా అడుగుతున్నారు. జగిత్యాల మా నాన్న ఊరు, అందుకని నేనూ తోడు వెళ్లాను. రోడ్డు మీద స్టేజీ, ముందు చాలా జనం, డప్పులు. సారును మైకు ముందుకు తెచ్చారు. ఆయన జనం వంక ఒకసారి చూశారు. జేబు తడుముకున్నారు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ వైపు ముఖం పెట్టి మాట్లాడడం మొదలుపెట్టారు. మన గోదావరి నీళ్లు ఎన్ని పోతున్నాయి, మనకు ఎన్ని వస్తున్నాయి, ఏం మిగులుతుంది అని. జనం మొదట నవ్వారు. "సారూ, గిటు తిర్గుండ్రి, మేం గిటున్నం!" అని ఎవరో అరిచారు. సారు తిరగలేదు. కాసేపటికి జనమే నిశ్శబ్దమయ్యారు. ఆయన వీపు చూస్తూ అంతమంది విన్నారు. కిందికి దిగాక నా భుజం పట్టుకున్నారు.  "మన మాటలనే చెప్పిన భాయ్. ఎవరన్న నవ్విండ్రా?" అని అడిగారు. "ఎవరు నవ్వలే సార్" అన్నాను. గోడ దగ్గర 'అయింది సార్' అన్నది లెక్కపెట్టకపోతే, అది నేను ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం. రెండోది రాయడానికే ఈ కాగితాల ముందు కూర్చున్నాను.

ఆఫీసు వాళ్లు తొట్లు చూడటానికి వచ్చే తారీఖు ఖాయమైంది. ముందురోజు సారు రాలేకపోయారు, కొద్దిగా జ్వరం. "నువ్వేం చెయ్యకు, ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యి, నేను పొద్దుగాల్నే అస్త" అని ఫోన్లో చెప్పారు. నేను విన్నాను. కానీ రెండో తొట్టి దగ్గరికి వెళ్లి చూస్తే నాకే సిగ్గనిపించింది. నురగ, జిడ్డు, బురద. అద్దకం పనిలో మురికి తొట్టి అంటే ఆ మనిషికే పరువు లేనట్టు. మా నాన్న, రంగు మార్చిన ప్రతిసారీ తొట్టిని బ్లీచింగ్ పౌడరుతో తోమి, తెల్ల గుడ్డ వేసి రుద్దేవాడు. గుడ్డకు మరక అంటితే మళ్లీ తోమేవాడు. పెద్ద గిరాకీ వస్తున్నాడంటే తొట్లన్నీ తళతళ మెరవాలి. నాకు తెలిసిన మర్యాద అదే. సారు పరువు పోతుందని భయపడ్డాను.

"గా ఆఫీసరు వచ్చి గీ బురద జూస్తే సారును ఏమనుకుంటడు సేటూ?" అన్నాడు నర్సయ్య కూడా.

మా ఇంటామె, నర్సయ్య, నేను ముగ్గురం కలిసి తొట్టి ఖాళీ చేశాం. బ్లీచింగ్ పౌడరు చల్లి కొబ్బరి పీచుతో తోమాం. మంచి నీళ్లు నింపి, మోటారు వేస్తే తెల్లని బుడగలు లేచాయి. ఎంత అందంగా కనిపించిందో చెప్పలేను. సారు వచ్చి శభాష్ అంటారని అనుకున్నాను.

ఆ తొట్టిలో ఉన్నది ప్రాణం అని నాకు తెలియదు. పేడ, మట్టి పటిక లాంటి మందు అనుకున్నాను. కంటికి కనబడని పురుగులు రంగును తిని నీళ్లను బాగుచేస్తాయని సారు చెప్పే ఉంటారు. గోడకు చెప్పి ఉంటారు. ఆ సమయానికి నేను బట్టీ దగ్గర ఉండి ఉంటాను.

మర్నాడే తెలంగాణ కోసం అన్ని ఉద్యోగాలవాళ్లూ కలిసి చేసిన సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఆఫీసరు రాలేదు. సారు మూడో రోజు వచ్చారు. మల్లాపూర్ వాళ్ల మక్కజొన్నల లారీలో కొంత దూరం, ట్రాక్టరు మీద కొంత దూరం, చివర నడిచి. జ్వరం ఇంకా తగ్గలేదు. నేరుగా వెనక్కి వెళ్లారు. తొట్టిలో తేట నీళ్లు, తెల్ల బుడగలు.  ఆయన చెయ్యి ముంచి దోసెడు నీళ్లు తీసి, వేళ్ల సందుల్లోంచి జారనిచ్చారు.

"సచ్చిపోయినయి" అన్నారు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. "ఒక్కటి మిగల్లే. అన్నీ సచ్చి, బురదంత నీళ్లతోని కొట్టుకపోయింది."

"ఏం సచ్చిపోయినయి సార్?" అన్నాను.

ఆ కనబడని పురుగుల సంగతి అప్పుడు చెప్పారు. గోడకు కాకుండా నా వైపు తిరిగి, నా కళ్లలోకి చూస్తూ పాఠం చెప్పడం అదే మొదటిసారి. 

"కరెంటు పోయిందా భాయ్?" అన్నారు. సమ్మెలో బొగ్గు గనులు కూడా ఆగాయి, కరెంటు కోతలు మొదలయ్యాయి. "మోటరు బంద్ అయి గాలి ఆడక సచ్చినయా?"

ఆయనే ఒక దారి చూపించినట్టయింది. "అవును సార్" అన్నాను.

"ముక్కు వెట్టి చూడు. గాలి ఆడకపోతే కోడిగుడ్డు వాసనుండాలె."

నేను వంగాను. బ్లీచింగ్ వాసన మూడు రోజులైనా ముక్కుకు కొడుతోంది. వెనక నిలబడ్డ మా ఇంటామె దానికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సారుకు తప్ప అక్కడున్న అందరికీ అది తెలుస్తూనే ఉంది. నర్సయ్య నా ముఖం చూసి తల దించుకున్నాడు.

"కోడిగుడ్డు వాసనే సార్" అన్నాను.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు.

సమ్మె అయిపోయాక ఆఫీసు వాళ్లు వచ్చారు. నడవని తొట్టి చూసి షెడ్డుకు తాళం వేశారు. మళ్లీ నలభై రోజులు పెట్టి మొదలుపెడదాం సార్ అని నేను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తప్పు ఎక్కడున్నదో తెల్వకుంట మళ్లీ కట్టొద్దు" అన్నారు. నేను వేరేవాళ్ల షెడ్డులో కూలికి చేరాను. నర్సయ్య బోయినపల్లి దిక్కు పొలం పనులకు పోయాడు.

కొన్ని నెలలు నిద్ర పట్టలేదు. చివరికి ఒక శుక్రవారం నమాజు అయ్యాక నిజం చెప్పేద్దామని కోరుట్ల బస్సు ఎక్కాను. సారు ఇంటి తలుపు తీసే ఉంది. లోపల గోడలన్నీ రాతలే. గోడలు చాలక గచ్చు మీద కూడా రాశారు. ఎక్కడ అడుగు వేయాలో తెలియక గడపలోనే నిలబడ్డాను. ఆయన నన్ను చూసిన సంతోషంలో ఆ రాతలన్నీ తొక్కుకుంటూ వచ్చారు. చాయ్ పెట్టారు. పాలు మాడిన చాయ్. నేను మొత్తం తాగాను.

"దొరికింది భాయ్ తప్పు!" అన్నారు, గోడ మీద గీసిన మెట్ల బొమ్మ చూపిస్తూ. "కరెంటును నమ్ముడే నా తప్పు. ఇగో చూడు, మోటరే లేదు. నీళ్లు మెట్ల మీదికెల్లి దుంకుకుంట వోతయి, గాలి గదే వట్టుకుంటది."

"జాగ ఎంత వడ్తది సార్?"

"రెండు గుంటలైతే సరిపోతది."

సిరిసిల్లలో నా లాంటి అద్దకం వాళ్లలో రెండు గుంటలు, అంటే రెండు వందల నలభై గజాల ఖాళీ జాగ ఎవరికి ఉంది? నేను నోరు తెరిచాను. 'సార్, ఒక మాట' అన్నాను కూడా. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ రోజు నువ్వు ఉన్నదున్నట్టు చెప్పకపోతే నాకు గీ సంగతి ఎరుకయ్యేదే గాదు. మా పోరగాండ్లు ఎవ్వరు నాకు తప్పు చెప్పలే. 'ఎస్ సర్' అనుటే. నువ్వొక్కనివే చెప్పినవ్."

 బస్సుకు టైమైందని లేచాను. ఆయన వీధి చివరి దాకా వచ్చి, కొండగట్టు దాకా బస్సులో ఎంతమంది ఎక్కుతారో చూసుకొమ్మని చెప్పి నవ్వారు. నేను పోయేది ఆ దారి కాదని కూడా ఆయనకు గుర్తులేదు.

తర్వాత రెండు మూడుసార్లు ఆ కొత్త బొమ్మ పట్టుకుని సిరిసిల్ల వచ్చారు. షెడ్డు షెడ్డుకూ తిరిగారు. అందరూ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "మంచిగున్నది గని గంత జాగ ఏడికెల్లి తేవాలె సారూ?" అన్నారు. నేను వెంట ఉండి ఒక్క మాట మాట్లాడలేదు. రాను రాను రావడం మానేశారు.

తెలంగాణ వచ్చిన రోజు సిరిసిల్ల రోడ్లన్నీ రంగులే. ఆ రోజు సారు ఫోన్ చేశారు. "అందరు చల్లుకున్న రంగు నీళ్లు ఎటు వోతున్నయి భాయ్?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. "జర అచ్చి పోరాదు. ఇంట్ల ఒక్కన్నే ఉన్న" అన్నారు. వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం వెళ్లలేదు. తర్వాత వారమూ వెళ్లలేదు. ఆయన ముఖం చూడలేకనే వెళ్లలేదు. ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు వచ్చిన ఆ విద్యార్థి కారు ఎక్కబోతూ నాకు ఒక కాగితం చూపించాడు. సారు చివరి బొమ్మ, మెట్లది. దాన్ని పుస్తకంలో వేస్తున్నారట. అంతా చందాలు వేసుకుని కోరుట్ల దగ్గర అలాంటిది కట్టి, దానికి సారు పేరు పెడతారట. దాని పక్కన ఒకాయన రాసిన మాటలు కూడా చదివి వినిపించాడు. సిరిసిల్లలో సారు మొదట కట్టింది కరెంటు కోతల వల్ల ఫెయిలైందని, అందులోంచే ఈ గొప్ప ఆలోచన పుట్టిందని. నేను విని ఊరుకున్నాను. కారు వెళ్లిపోయింది. రంగు తొట్టి దగ్గరికి తిరిగి వెళ్లి, గుడ్డ ఎంతసేపు అలా నానబెట్టానో, ముదురు రంగు పట్టి పాడైంది.

అందుకే రాస్తున్నాను. మీరంతా చదువుకున్నవాళ్లు. దయచేసి ఆ మాట కొట్టివేయండి. సారు కట్టింది ఫెయిల్ కాలేదు. నేను బ్లీచింగ్ పౌడరు వేసి చంపాను. వాసన అడిగితే అబద్ధం చెప్పాను. కరెంటుకు దాంతో ఏ సంబంధమూ లేదు. ఇంకొకటి. నేను తోమడానికి ముందు వారంలోనే, సమ్మె లేని రోజుల్లోనే, రెండుసార్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు పోయింది. నేను వెదురు కట్టెతో అప్పుడప్పుడు కలుపుతూ ఉన్నాను. తొట్టికి ఏమీ కాలేదు. ఇంత చిన్న సంగతి సారుకెందుకని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నా అబద్ధాన్ని ఆ రోజే పట్టుకునేవారు. మెట్ల బొమ్మ కోసం అన్నేళ్లు ఒంటరిగా గోడలు నింపేవారు కాదు.

ఆ మెట్లది ఎవరికీ పనికిరాదు. రెండు గుంటలు ఉన్నవాడు మోరీ పక్కన రంగులు వేసుకుని బతకడు. మొదటిది రెండు మంచాల జాగలో పడుతుంది. దాని కొలతలు సారు చిన్న పుస్తకంలో మొదట్లోనే ఉంటాయి. పుస్తకం దొరక్కపోతే నా పాత షెడ్డు వెనుక తొట్లు ఇంకా అలాగే ఉన్నాయి, వచ్చి కొలుచుకోండి. పేరు పెట్టేదైతే దానికి పెట్టండి.

నన్ను ఏమన్నా అనండి, పడతాను. కట్టేటప్పుడు మాత్రం ఒక కబురు చేయండి. నలభై రోజులూ అక్కడే ఉంటాను. పేడ నేనే కలుపుతాను.